పల్లీల రేటుకు జీడిపప్పు పోతుంటే: సెల్ఫ్ చెకౌట్ పెట్టిన కిరాణా షాపుల కోసం

మా షాపులో సెల్ఫ్ చెకౌట్ మెషిన్లు, అంటే కస్టమరే స్కాన్ చేసుకుని డబ్బు కట్టే మెషిన్లు, రెండు పెట్టిన మొదటి నెలలో పల్లీల అమ్మకం ఒక్కసారిగా పెరిగింది. నిజాంపేట జనానికి పల్లీల మీద ఇంత ప్రేమ ఎక్కడినుంచి పుట్టిందబ్బా అని సంబరపడి బేగంబజార్ నుంచి ఇంకో బస్తా కూడా తెప్పించాం. నెలాఖరుకు స్టాకు చూస్తే, కంప్యూటర్ లెక్కలో అయిపోయిన పల్లీలు డబ్బా నిండా ఉన్నాయి, కంప్యూటర్ లెక్కలో ఉన్న జీడిపప్పు డబ్బాలో లేదు.

కథ అర్థమైంది కదా. లూజు జీడిపప్పు కవర్లో పోసుకుని, కాటా మీద పెట్టి, స్క్రీన్ మీద పల్లీల బొమ్మ నొక్కారు. బరువు సరిపోయింది, బిల్లు వచ్చింది, డబ్బు కట్టారు, దర్జాగా వెళ్లిపోయారు. కిలో మీద ఏడెనిమిది వందల తేడా. ఇది మనవాళ్లు కొత్తగా కనిపెట్టిందేమీ కాదు, విదేశాల్లో ఖరీదైన సరుకు కాటా మీద పెట్టి అరటిపండు కోడ్ 4011 కొడతారు, మన దగ్గర అరటిపండు డజన్ల లెక్క కాబట్టి పల్లీలు దొరికాయి.

మెషిన్లు అమ్మినవాళ్లు డెమోలో ఇవేవీ చెప్పలేదు. ఇద్దరు క్యాషియర్ల జీతం మిగులుతుంది సార్ అన్నారు. మిగల్లేదు. అయినా మెషిన్లు తీసెయ్యలేదు, ఎందుకంటే ఆదివారం సాయంత్రం లైను నిజంగానే తగ్గింది, రెండు పాల ప్యాకెట్లు, ఒక బ్రెడ్డు పట్టుకుని వచ్చినవాళ్లు పెద్ద ట్రాలీల వెనక ఇరవై నిమిషాలు నిలబడే బాధ పోయింది. మీరు కూడా పెట్టే ఆలోచనలో ఉంటే, లేదా ఇప్పటికే పెట్టేసి టెన్షన్ పడుతుంటే, మేం దెబ్బలు తిని నేర్చుకున్నది రాస్తున్నా.

ముందు మీ తరుగు ఎంతో చూసుకోండి

మెషిన్లు రాకముందు షాపులో ఏమీ పోయేది కాదా? పోయేది. ఉల్లిగడ్డ ఎండి బరువు తగ్గుతుంది, ఎలుకలు బస్తా కొరుకుతాయి, సప్లయర్ 50 ప్యాకెట్లు రాసి 48 దించుతాడు, పెరుగు డేటు దాటిపోతుంది, మన పిల్లలే, అంటే షాపులో పనిచేసే కుర్రాళ్లే, గోడౌన్లో బిస్కెట్ ప్యాకెట్ చించుకుని తింటారు. ఇదంతా ఎంత పోతోందో తెలియకుండా మెషిన్లు పెడితే, ఆ తర్వాత పోయిన ప్రతి రూపాయినీ మెషిన్ మీదికో కస్టమర్ మీదికో నెట్టేస్తారు. మేం చేసిన మొదటి తప్పు అదే.

కాబట్టి మెషిన్లు ఆన్ చెయ్యడానికి ఒక నెల ముందు నుంచే ఒక 20 వస్తువులు ఎంచుకుని రోజూ రాత్రి చేత్తో లెక్కపెట్టండి. చిన్నగా ఉండి ఖరీదు ఎక్కువ ఉన్నవి తీసుకోండి: జీడిపప్పు, బాదం, యాలకులు, నెయ్యి, చాక్లెట్లు, షేవింగ్ బ్లేడ్లు, పసిపిల్లల పాలపొడి. బియ్యం లెక్కపెట్టి లాభం లేదు, దాని సంగతి వేరే, తర్వాత చెప్తా. మెషిన్లు వచ్చాక అదే 20 వస్తువులు అలాగే లెక్కపెడితే తేడా ఎక్కడ మొదలైందో వారంలో కనిపిస్తుంది. ఎందుకింత చాదస్తం అంటారా, కిరాణాలో మిగిలేది తక్కువ. నూటికి ఐదు మిగులుతుంది అనుకుందాం, మీరు 500 పెట్టి కొన్న ప్యాకెట్టు ఒకటి పోతే ఆ గుంత పూడ్చడానికి 10,000 రూపాయల సరుకు అమ్మాలి.

ఇంకొకటి. పోయినదంతా దొంగతనం కాదు. మా షాపులో కెమెరా రికార్డింగులు వెనక్కి తిప్పి చూసినప్పుడు, డబ్బు పడని వస్తువుల్లో చాలావాటి దగ్గర జనం నిజంగానే పొరపాటు పడ్డారు. స్కానర్ ముందు ప్యాకెట్టు ఆడిస్తారు, పక్క మెషిన్ నుంచి బీప్ వినిపిస్తుంది, తమదే అనుకుని సంచిలో వేసుకుంటారు. రెండు మెషిన్ల బీపు శబ్దం వేరువేరుగా పెట్టండి. పైసా ఖర్చు లేదు, సెట్టింగ్స్‌లో ఉంటుంది.

కాటా దగ్గరే అసలు కథ

లూజు సరుకు, కూరగాయలు, పండ్లు. మీ నష్టంలో పెద్ద భాగం ఇక్కడే ఉంటుంది, కాబట్టి మీ టైము, మీ డబ్బు ముందు ఇక్కడ పెట్టండి.

జీడిపప్పు, బాదం, పిస్తా, కిస్మిస్, యాలకులు, లవంగాలు లాంటివి కస్టమర్ చేతికి లూజుగా ఇవ్వకండి. మన మనిషి తూచి, ప్యాక్ చేసి, స్టిక్కర్ వేసి ఇవ్వాలి, లేదా పొద్దున్నే 100, 250, 500 గ్రాముల ప్యాకెట్లు కట్టి పెట్టెయ్యాలి. జీడిపప్పులో గుండు, బద్ద, పలుకులు అన్ని రకాలు ఉంటాయి, రేటు దేనికదే, తెల్లటి కవర్లో పోస్తే గుండుకీ బద్దకీ తేడా మెషిన్ కాదు కదా మనమే దగ్గరికెళ్లి చూడాలి. మేం ఈ ఒక్క పని చేసిన తర్వాత పల్లీల మీద నిజాంపేట ప్రేమ మళ్లీ మామూలుకు వచ్చింది.

రెండోది, స్క్రీన్ మీద బొమ్మలు. మాకు వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో గోంగూర పేరు సోరెల్ లీవ్స్ అని ఉంది. మీరే చెప్పండి, హైదరాబాద్‌లో ఎవరు వెతుకుతారు ఆ పేరుతో? పాపం పెద్దావిడ గోంగూర పట్టుకుని అన్ని పేజీలూ తిప్పి చివరికి పాలకూర నొక్కి వెళ్లిపోయేది. అది దొంగతనమా? అందుకని కూర్చుని పేర్లన్నీ మార్చాం. తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడూ రాశాం, ఆలుగడ్డ అన్నా బంగాళాదుంప అన్నా ఆలూ అన్నా ఒకటే బొమ్మ వచ్చేలా పెట్టాం. ఆకుకూరలు మనం కట్టల్లో అమ్ముతాం కాబట్టి వాటిని కాటా నుంచి తీసేసి ఎన్ని కట్టలు అని అడిగేలా చేశాం. దీనికి రెండు రోజులు పట్టింది, విసుగు పనే, కానీ పొరపాట్లు తగ్గితేనే మిగిలినవాటిలో కావాలని చేసినవి బయటపడతాయి.

మామిడి పండ్ల కాలంలో మాత్రం జాగ్రత్త. బంగినపల్లి, హిమాయత్ పక్కపక్కన పెట్టారంటే హిమాయత్ అంతా బంగినపల్లి కిందే పోతుంది. హిమాయత్‌ను డజను పెట్టెల్లో బార్‌కోడ్ వేసి అమ్మండి, లేదా మే నెలంతా మామూలు కౌంటర్‌లోనే బిల్లు చెయ్యండి. కాటా పైన కెమెరా పెట్టి అది ఏ కాయో మెషినే గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ ఉంది, మేం కొన్ని రోజులు ట్రయల్ తీసుకున్నాం. టమాటను టమాట అంటుంది, ఉల్లిగడ్డను ఉల్లిగడ్డ అంటుంది, బాగానే ఉంది. కవర్ ముడి వేసి పెడితే, మామిడి రకాలు పెడితే తడబడింది. నెలనెలా కట్టే డబ్బుకు మా సైజు షాపుకు గిట్టదనిపించి వద్దన్నాం. మీది పెద్ద షాపు అయితే చూడండి.

చవక వస్తువుల మీద ఒక పరిమితి పెట్టడం మాత్రం అందరికీ పనికొస్తుంది. ఎవరైనా ఒకేసారి రెండు కిలోల కంటే ఎక్కువ పల్లీలో మూడు కిలోల కంటే ఎక్కువ ఆలుగడ్డలో కొడితే స్క్రీన్ ఆగి మన మనిషిని పిలవాలి. నిజంగా కొనేవాళ్లకు పది సెకన్లు ఆలస్యం, అంతే.

అన్నట్టు ఆ కాటా కూడా చట్టం దృష్టిలో అమ్మకానికి వాడే కాటానే. తూనికలు కొలతల శాఖ ముద్ర ఏడాదికోసారి వేయించాలి. మామూలు కౌంటర్ కాటాలకు వేయించి మెషిన్లోది మర్చిపోతారు చాలామంది.

స్టిక్కర్ మార్పిడి

ప్యాకెట్ల మీద ఉండే 13 అంకెల బార్‌కోడ్ మన దేశపు కంపెనీలదైతే మామూలుగా 890తో మొదలవుతుంది. మనం షాపులో తూచి వేసే స్టిక్కర్ 2తో మొదలవుతుంది, ఎందుకంటే 20 నుంచి 29 వరకు అంకెలతో మొదలయ్యే కోడ్‌లను షాపుల సొంత వాడకానికి వదిలేశారు. ఉదాహరణకు 2100123007509 అని ఉందనుకోండి, ముందు ఏడు అంకెలు మన సరుకు కోడ్, తర్వాతి 00750 అంటే 750 గ్రాములు, చివరి 9 లెక్క సరిచూసే అంకె. ఆ చివరి అంకె స్కానర్ తప్పు చదవకుండా కాపాడుతుందే తప్ప స్టిక్కర్ ఏ ప్యాకెట్ మీద ఉందో దానికి తెలియదు. కస్టమర్ 100 గ్రాముల బాదం స్టిక్కర్ పీకి కిలో ప్యాకెట్ మీద అంటించాడంటే మెషిన్ హాయిగా 100 గ్రాముల డబ్బే తీసుకుంటుంది.

ఇక్కడ రెండు పనులు చెయ్యాలి. పీకితే ముక్కలు ముక్కలుగా చిరిగిపోయే స్టిక్కర్ రోల్స్ దొరుకుతాయి, మామూలు వాటికంటే కొంచెం ఖరీదు, అవే వాడండి, అదీ ప్యాకెట్ మూత మీదా ఒంటి మీదా కలిసేలా అంటించండి. ఇంకోటి, 2తో మొదలయ్యే ఏ స్టిక్కర్ స్కాన్ అయినా ప్యాకెట్‌ను కాటా మీద పెట్టమని అడిగి, స్టిక్కర్‌లోని బరువుతో సరిపోల్చేలా సెట్టింగ్ ఉందేమో మీ సాఫ్ట్‌వేర్ వాళ్లను అడగండి. ఉంటే ఆన్ చేయించండి. ప్యాకింగ్ బరువు ఉంటుంది కాబట్టి పది పదిహేను గ్రాముల వెసులుబాటు ఇవ్వండి, మరీ పట్టుగా పెడితే ప్రతి ప్యాకెట్‌కూ అలారం మోగి చివరికి మన పిల్లలే విసుగొచ్చి దాన్ని ఆపేస్తారు.

ఒకేలాంటివి ఆరు కొన్నప్పుడు ఒకటి స్కాన్ చేసి సంఖ్య కొట్టే బటన్ ఉంటుంది చూడండి, దాన్ని తీసేయించండి. ఆరు రకాల సబ్బుల్లో అన్నిటికంటే చవకది స్కాన్ చేసి ఆరు అని కొట్టడం చాలా తేలిక.

సంచులు, బస్తాలు

స్కాన్ అయిన వస్తువు పెట్టే చోట కింద కూడా ఒక కాటా ఉంటుంది, స్కాన్ చేసినదానికీ పెట్టినదానికీ బరువు సరిపోయిందా అని చూస్తుంది. ఐడియా మంచిదే. కానీ మనవాళ్లు ఇంటి నుంచి సంచి తెచ్చుకుంటారు, తెచ్చుకోవాలి కూడా. అందుకని స్క్రీన్ మీద సొంత సంచి ఉంది అనే బటన్ ఉంటుంది, అది నొక్కాక పెట్టిన బరువంతా సంచి కింద లెక్క. సంచిలో ముందే కిలో నెయ్యి డబ్బా ఉంటే? అది కూడా సంచే. సంచి బరువు 300 గ్రాములు దాటితే మన మనిషి వచ్చి చూసేలా పెట్టుకోండి. గుడ్డ సంచి ఏదీ అంత బరువుండదు. దీనివల్ల జనపనార సంచి తెచ్చిన ఒకరిద్దరు మాత్రం చిరాకు పడతారు, ఏం చెయ్యలేం.

ఇక బియ్యం. 25 కిలోల వరకు ప్యాకెట్ బియ్యం మీద 2022 జులై నుంచి జీఎస్టీ వచ్చింది కాబట్టి మార్కెట్లో 26 కిలోల బస్తాలు మొదలయ్యాయి, షాపుల్లో ఇప్పుడు రెండూ కనిపిస్తాయి. ఆ బస్తాను ఎత్తి స్కానర్ ముందు పెట్టేదెవరు? ట్రాలీ కింది అరలో పడుకోబెట్టి, పైనున్న సామానంతా స్కాన్ చేసుకుని, బస్తా సంగతి మర్చిపోతారు. నిజంగా మర్చిపోయేవాళ్లూ ఉంటారు, మర్చిపోయినట్టు నటించేవాళ్లూ ఉంటారు, పోయేది మాత్రం ఒకటే, దాదాపు 1500 రూపాయలు.

మేం చేసింది చెప్తా, ఇది పనిచేసింది. బస్తాలు అసలు షాపులోకే పెట్టలేదు. బియ్యం అరలో బస్తా బదులు అట్టముక్క చీటీలు పెట్టాం, ఒక్కో రకానికి ఒక్కో రంగు, దాని మీద బార్‌కోడ్. కస్టమర్ చీటీ తెచ్చి మెషిన్ దగ్గర స్కాన్ చేస్తాడు, బయట పార్కింగ్ పక్కన మన కుర్రాడు బిల్లు చూసి బస్తా తెచ్చి బండిలో వేస్తాడు. నష్టం ఆగడం ఒక ఎత్తు, బస్తా మోసే బాధ తప్పిందని జనం మెచ్చుకోవడం ఇంకో ఎత్తు. 15 లీటర్ల నూనె డబ్బాలకు కూడా ఇదే పద్ధతి.

అలాగే మెషిన్ దగ్గర పది వస్తువుల పరిమితి పెట్టండి. అమెరికాలో టార్గెట్ షాపులు 2024లో చాలాచోట్ల ఇదే చేశాయి, ఇంగ్లండ్‌లో బూత్స్ అనే సూపర్‌మార్కెట్ వాళ్లయితే 2023లో దాదాపు అన్ని షాపుల నుంచీ మెషిన్లే తీసేసి మనుషుల్ని కూర్చోబెట్టారు. నెల సరుకుల ట్రాలీ మెషిన్ దగ్గరికి రానిస్తే 60 వస్తువుల్లో ఏ రెండు తప్పిపోయాయో ఎవరు చూస్తారు?

డబ్బు పడిందా లేదా

మన దగ్గర కార్డు కంటే యూపీఐ ఎక్కువ, కాబట్టి మోసం కూడా అక్కడే. విదేశాల్లో రాసిన సలహాల్లో ఈ భాగం మీకు దొరకదు.

మెషిన్ మీద అంటించిన క్యూఆర్ స్టిక్కర్ ఉంటే ఇప్పుడే వెళ్లి పీకెయ్యండి. స్టిక్కర్ క్యూఆర్‌లో మొత్తం ఎంతో ఉండదు, 840 బిల్లుకు 84 కొట్టినా పోతుంది. పైగా రాత్రికి రాత్రి దాని మీద వేరేవాడు తన క్యూఆర్ అంటిస్తే మీ డబ్బు వాడి ఖాతాలో పడుతుంది, ఫోన్లో కస్టమర్‌కు వేరే పేరు కనిపించినా తొందరలో ఎవరూ చదవరు. ప్రతి బిల్లుకూ స్క్రీన్ మీద కొత్త క్యూఆర్ రావాలి, అందులో మొత్తం, బిల్లు నంబరు రెండూ ఉండాలి. డబ్బు పడిందని మీ పేమెంట్ కంపెనీ సర్వర్ నుంచి మెషిన్‌కు కబురు వస్తేనే బిల్లు ప్రింట్ అవ్వాలి. కస్టమర్ ఫోన్ చూసి మన మనిషి ఓకే నొక్కే బటన్ ఉండనే కూడదు. ఎందుకంటే పచ్చ టిక్కు, పేరు, మొత్తం, టంగుమనే శబ్దంతో సహా చూపించే నకిలీ యాప్‌లు తిరుగుతున్నాయి, పాత స్క్రీన్‌షాట్ అయితే చిన్నపిల్లాడు కూడా చూపిస్తాడు.

మరి నెట్‌వర్క్ సతాయించినప్పుడు? మా సెల్లార్ పార్కింగ్ పక్కన సిగ్నల్ అంతంతమాత్రమే, నెల జీతాలు పడే రోజుల్లో పేమెంట్లు గిరగిరా తిరుగుతుంటాయి. కస్టమర్ ఖాతాలో డబ్బు కట్ అయింది, మనకు రాలేదు, ఆయన నా డబ్బు పోయింది అంటాడు, వెనక లైను చూస్తోంది. ఇక్కడ మన మనిషి కంగారుపడి పంపించేస్తే ఆ తర్వాత రోజూ ఎవరో ఒకరికి నెట్‌వర్క్ సతాయిస్తుంది. మా పిల్లలకు నేర్పింది ఇదీ: "సార్, రెండు నిమిషాలు ఇక్కడ కూర్చోండి, మంచినీళ్లు తాగండి, ఈలోపు చూద్దాం." రెండు నిమిషాల్లో రాకపోతే లావాదేవీ నంబరు, 12 అంకెలు ఉంటుంది, రాసుకుని వేరేలా కట్టమని అడుగుతాం. వ్యాపారికి చేసిన యూపీఐ చెల్లింపు ఇలా మధ్యలో ఆగిపోతే ఐదు రోజుల్లో దానంతటదే తిరిగి కస్టమర్ ఖాతాలో పడాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు బ్యాంకు ఇవ్వాలని 2019లోనే రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఈ మాట ఒక కాగితం మీద తెలుగులో, హిందీలో రాసి మెషిన్ పక్కన అతికించండి, సగం గొడవలు తగ్గుతాయి. రోజూ వచ్చే మనిషైతే సరుకు ఇచ్చి పంపించి, రేపు చూసుకుందాం అంకుల్ అనండి, కిరాణా షాపు అంటే అదే కదా. కానీ అది మీరు తీసుకునే నిర్ణయం అయ్యుండాలి, కౌంటర్ కుర్రాడిది కాదు.

బయటికెళ్లే దారిలో బిల్లు స్కాన్ చేస్తే తెరుచుకునే చిన్న గేటు పెట్టాం. మొదట్లో ఒక బిల్లు ఎన్నిసార్లు స్కాన్ చేసినా తెరుచుకునేది, ఒకరి బిల్లు ఫోటో తీసి లోపల ఉన్న ఇంకొకరికి పంపుకున్నారు. ఒక్కసారికే, అదీ పావుగంట లోపే పనిచేసేలా మార్పించాం. మీ గేటు కూడా ఒకసారి పరీక్షించుకోండి.

కార్డు సంగతి చిన్నది. 5000 వరకు పిన్ లేకుండా ట్యాప్ చెయ్యొచ్చు, దొంగిలించిన కార్డుతో వచ్చేవాడికి అదే సౌకర్యం. ఒకే కార్డు గంటలో మూడుసార్లు వస్తే మెసేజ్ వచ్చేలా పెట్టుకుంటే చాలు.

నిలబడే మనిషి

క్యాషియర్ జీతం మిగల్లేదని ముందే చెప్పాను కదా, కారణం ఇదే. మెషిన్ల దగ్గర ఒక మనిషి ఎప్పుడూ నిలబడాలి. ఫోన్ చూసుకునే మనిషి కాదు, మూల కుర్చీలో సెక్యూరిటీ యూనిఫాంలో కూర్చునే మనిషీ కాదు. మా దగ్గర ఆ పని పాత క్యాషియర్ అక్క చేస్తుంది, ఆమెకు సరుకుల ధరలన్నీ నోటికొచ్చు. లోపలికి రాగానే నమస్తే అమ్మా, సంచి తెచ్చుకున్నారా, మెషిన్ అలవాటేనా అని అడుగుతుంది. ఈ ఒక్క పలకరింపుతో చెయ్యి వాటంగా ఉన్నవాళ్లు సగం మంది వెనక్కి తగ్గుతారని నా అనుభవం, నిజాయితీగా వచ్చినవాళ్లకు సాయం దొరుకుతుంది.

ఏదైనా వస్తువు స్కాన్ కాలేదని కనిపిస్తే తప్పు మెషిన్ మీద వెయ్యాలి. "అమ్మా, మెషిన్ ఈ ప్యాకెట్టు తీసుకోలేదు, ఇంకోసారి చూపిద్దాం" అనాలి. పొరపాటు చేసినవాళ్లు అయ్యో అని నవ్వుతారు, కావాలని చేసినవాళ్లు కూడా అయ్యో అని నవ్వుతారు, డబ్బు పడుతుంది, గొడవ ఉండదు. మీరు దొంగిలించారు అనే మాట కౌంటర్ దగ్గర ఎవరి నోటినుంచీ రాకూడదు.

గేటు దగ్గర సంచి తనిఖీ చెయ్యాలంటే ఎవరిని ఆపాలో కంప్యూటర్ చెప్పాలి, గార్డు కాదు. గార్డుకు వదిలేస్తే ఎవరిని ఆపుతాడో నాకు తెలుసు, మీకూ తెలుసు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లను, డెలివరీ కుర్రాళ్లను ఆపుతాడు, కారు తాళం తిప్పుకుంటూ వచ్చేవాళ్లకు సెల్యూట్ కొడతాడు. మా పల్లీల రికార్డింగుల్లో కనిపించినవాళ్లు ఎవరో చెప్పను గానీ, గార్డు ఒక్కసారి కూడా ఆపని రకం.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, కనీసం కంప్యూటర్ పట్టాలి. అలారం ఆపడానికి మన మనిషి దగ్గర ఒక కార్డో పిన్నో ఉంటుంది. మా దగ్గర ఆ కార్డును తాడు కట్టి మెషిన్‌కే వేలాడదీశారు, ప్రతిసారి జేబులోంచి తియ్యడం కష్టమట! ఎవరి పిన్ వారికి ఇవ్వండి, వారానికోసారి ఎవరు ఎన్ని అలారాలు ఆపారు, ఎన్ని వస్తువులు బిల్లు నుంచి తీసేశారు అనే లిస్టు తీయండి. ఒకే మనిషి, ఒకే టైముకు, ఒకే రకం వస్తువులు తీసేస్తుంటే అప్పుడు కెమెరా చూడండి, స్నేహితులు వచ్చినప్పుడు సాయం చేస్తున్నారేమో తెలుస్తుంది. వాపసు డబ్బు ఎప్పుడూ కట్టిన ఖాతాకే వెళ్లాలి, గల్లా నుంచి నగదు ఇస్తే చెత్తబుట్టలో బిల్లులు ఏరుకునేవాళ్లు తయారవుతారు.

మన వైపు కూడా చూసుకోవాలి. అరలో 95 అని రాసి మెషిన్లో 110 వస్తే, ఆఫర్ అయిపోయినా బోర్డు తియ్యకపోతే, కస్టమర్ మనల్నే మోసగాళ్లంటాడు, తప్పేం లేదు. ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవడం చట్టరీత్యా నేరం, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఎవరైనా ఫిర్యాదు చెయ్యొచ్చు. రోజూ పొద్దున్నే షాపు తెరవగానే పది వస్తువులు మీరే మెషిన్ దగ్గర స్కాన్ చేసి చూడండి.

దొరికితే ఏం చెయ్యాలి

చెయ్యి చేసుకోవద్దు, గదిలో పెట్టి తాళం వెయ్యొద్దు, మోకాళ్ల మీద నిలబెట్టి వీడియో తియ్యొద్దు. మనిషిని అక్రమంగా నిర్బంధించడం భారతీయ న్యాయ సంహిత 127 సెక్షన్ కింద నేరం, పోయిన నెయ్యి డబ్బా కేసు పక్కకుపోయి మీ మీద కేసు మొదలవుతుంది. ఫోటో తీసి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఇంకా ప్రమాదం, పరువు నష్టం అంటారు, పొరపాటు మనిషి అయితే ఇక ఆ ఏరియాలో మీ షాపుకు ఎవరూ రారు.

పక్కకు పిలిచి, వీలైతే ఇద్దరి ఎదుట, ఈ వస్తువు బిల్లులో లేదండీ, కడతారా, ఇక్కడ పెట్టేస్తారా అని అడగండి. చాలావరకు అక్కడితో అయిపోతుంది. మళ్లీ మళ్లీ చేసే మనిషి అయితే, లేదా గొడవకు దిగితే, 100కి ఫోన్ చేసి పోలీసులకు వదిలెయ్యండి. రికార్డింగ్ ఆ రోజే వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి, చాలా కెమెరాల్లో కొన్ని వారాలకు పాతది చెరిగిపోతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న ఇదే న్యాయ సంహిత 303 సెక్షన్‌లో, 5000 రూపాయల లోపు దొంగతనానికి మొదటిసారి దోషిగా తేలి, సొత్తు లేదా దాని విలువ తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవ శిక్ష అని ఉంది. అంటే చట్టం కూడా నెయ్యి డబ్బా దొంగను జైల్లో పెట్టాలని తొందరపడటం లేదు, మనం ఎందుకు పడాలి. యూపీఐ మోసం అయితే మాత్రం ఆలస్యం చెయ్యొద్దు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి, డబ్బు వేరే ఖాతాలకు మారకముందే ఆపే అవకాశం అప్పుడే ఉంటుంది.

పండగ రోజులు

రంజాన్ నెల సాయంత్రాలు, బోనాల ఆదివారాలు, దసరా ముందు రోజులు, వీటిలో మెషిన్ దగ్గర ఇంకో మనిషిని అదనంగా పెడతాం, డ్రైఫ్రూట్స్ అర కౌంటర్ వెనక్కి మారుస్తాం. సంక్రాంతికి ఊరెళ్లే ముందు చివరి రెండు రోజులైతే ఆ గుంపులో అక్క ఒక్కతే ఎంతమందిని చూస్తుంది చెప్పండి. ఆ రెండు రోజులూ మెషిన్ల మీద దుప్పటి కప్పేసి, మామూలు కౌంటర్లు రెండు అదనంగా తెరుస్తాం, గల్లా దగ్గర నేనూ కూర్చుంటా.